మెసేజ్ బ్రోకర్లలో సేవా స్తంభన లోపం

ఒక ప్రోగ్రామ్ పంపిన సందేశాన్ని అందుకుని, వరుసలో దాచి, కావలసిన మరో ప్రోగ్రామ్‌కు చేరవేసే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌ను మెసేజ్ బ్రోకర్ అంటారు. పంపేదానికి అందుకునేది ఎక్కడుందో తెలియనక్కర్లేదు. రెండూ ఒకే సమయంలో నడుస్తూ ఉండనక్కర్లేదు. చమురు పైపులైన్లను ఉపగ్రహ లింకుల ద్వారా కనిపెట్టి ఉండడానికి 1999లో ఐబీఎమ్‌కు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిపర్‌తో కలిసి రూపొందించిన ఎమ్‌క్యూటీటీ, 2003లో జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఓహారా మొదలుపెట్టిన ఏఎమ్‌క్యూపీ ఈ రంగంలో పేరున్న ప్రోటోకాళ్లు. మస్కిటో, ర్యాబిట్‌ఎంక్యూ, యాక్టివ్‌ఎంక్యూ, లింక్‌డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయిన కాఫ్కా ఎక్కువగా వాడే బ్రోకర్లు. ఇలాంటి మధ్యవర్తిని బయటివాళ్లు కూల్చడానికో, ఊపిరాడకుండా చేయడానికో వీలిచ్చే తప్పు దాని కోడ్‌లో ఉంటే దాన్ని డినయల్ ఆఫ్ సర్వీస్ లోపం, అంటే సేవా స్తంభన లోపం అంటారు. దీనివల్ల రహస్యాలు బయటికి పోవు, రికార్డులు తారుమారు కావు. పని మాత్రం ఆగిపోతుంది. ఈ లోపాల గురించి మాట్లాడినప్పుడల్లా దాడి చేసేవాడెవడు, వాడి ఉద్దేశమేమిటి అన్న ప్రశ్నే ముందుకొస్తుంది. బ్రోకర్లలో ఇప్పటిదాకా బయటపడ్డ లోపాలను వరుసగా పెట్టి చూస్తే మాత్రం అసలు ప్రశ్న అది కాదని తేలుతుంది. అవతలివాడు చెప్పిన లెక్కను సరిచూడకముందే ఖర్చుకు దిగడం, ఆ ఖర్చుకు హద్దు పెట్టుకోకపోవడం, ఈ రెండే దాదాపు అన్నిటికీ మూలం. ఉద్దేశం మంచిదైనా చెడ్డదైనా హద్దు లేని చోట ఫలితం ఒకటే.

ఎమ్‌క్యూటీటీ ప్యాకెట్ మొదటి కొన్ని బైట్లను దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటి బైటు ఇది ఏ రకం ప్యాకెట్టో చెబుతుంది. తర్వాత ఒకటి నుంచి నాలుగు బైట్లలో, మిగతా ప్యాకెట్ పొడవెంతో ఉంటుంది. ఆ నాలుగు బైట్లలో ఒక్కొక్క దానిలో ఏడు బిట్లే లెక్కకు పనికొస్తాయి కాబట్టి, చెప్పగలిగిన గరిష్ఠ పొడవు 26,84,35,455 బైట్లు, దాదాపు 256 మెగాబైట్లు. అంటే ఐదంటే ఐదు బైట్లు పంపి, వెనకాల పావు గిగాబైటు వస్తోందని చెప్పవచ్చు. ఆ మాట నమ్మి బ్రోకర్ ముందుగానే మెమరీ కేటాయించి కూర్చుంటే, పంపినవాడు ఆరో బైటు పంపనక్కర్లేదు. అలాంటి కనెక్షన్లు కొన్ని పదులు తెరిచి వదిలేస్తే చిన్న సర్వర్ మెమరీ ఖాళీ అయిపోతుంది. బయటపడ్డ భద్రతా లోపాలకు బహిరంగ జాబితాలో ఇచ్చే సంఖ్యను సీవీఈ అంటారు. మస్కిటోలో సీవీఈ-2017-7651గా నమోదైన లోపం ఈ జాతిదే. 1.4.14 వరకూ వచ్చిన వెర్షన్లలో, యూజర్ పేరూ పాస్‌వర్డూ ఏవీ లేని అపరిచితుడు కూడా ప్రత్యేకంగా తయారుచేసిన ఒక కనెక్ట్ ప్యాకెట్‌తో బ్రోకర్ చేత విపరీతంగా మెమరీ ఖర్చు పెట్టించగలిగేవాడు. 2018లో వచ్చిన 1.4.15లో కనెక్ట్ ప్యాకెట్ పరిమాణానికి హద్దు పెట్టారు, మొత్తం మెమరీ వాడకానికి గరిష్ఠం నిర్ణయించుకునే వీలు కల్పించారు. మరమ్మతులో కొత్త తెలివేమీ లేదని గమనించాలి. లేని హద్దు వచ్చి చేరింది, అంతే.

ఇది ఒక బృందం చేసిన పొరపాటు అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. మస్కిటోను సీ భాషలో రాశారు. జావా లోకంలో ఉన్న కాఫ్కాలో 2022 సెప్టెంబరులో సీవీఈ-2022-34917 బయటపడింది. 2.8.0 నుంచి వచ్చిన వెర్షన్లలో, గుర్తింపు చూపని క్లయింట్లు బ్రోకర్ మీద పెద్ద మొత్తంలో మెమరీ కేటాయింపజేసి దాన్ని కూల్చగలిగేవి. 2025 మేలో యాక్టివ్‌ఎంక్యూలో సీవీఈ-2025-27533 వచ్చింది. ఆ బ్రోకర్ సొంత ప్రోటోకాల్ ఓపెన్‌వైర్‌లో వచ్చే ఆదేశాలను విప్పేటప్పుడు, అందులో రాసి ఉన్న బఫర్ పరిమాణాన్ని సరిగా సరిచూడకుండా అంత మెమరీ తీసుకోవడమే అక్కడి తప్పు. సీ భాషలో మెమరీని రాసేవాడే చూసుకోవాలి, జావాలో యంత్రమే చూసుకుంటుంది అని కాలేజీల్లో చెబుతారు. ఇక్కడ ఆ తేడా అక్కరకు రాలేదు. ఎంత తీసుకోవాలో అవతలివాడు నిర్ణయిస్తున్నప్పుడు, తిరిగి ఇచ్చే బాధ్యత ఎవరిదైతేనేం? వేర్వేరు బృందాలు, వేర్వేరు భాషలు, ఏడేళ్ల ఎడం. తప్పు మాత్రం అదే.

ర్యాబిట్‌ఎంక్యూ కథ ఇంకొంచెం భిన్నమైనది, నా ఉద్దేశంలో అన్నిటికంటే విలువైనది. ఎర్లాంగ్ భాషలో రాసిన ఈ బ్రోకర్ వేల కనెక్షన్లను తొణకకుండా మోస్తుందని పేరు. మెమరీ వాడకం ఒక గీత దాటితే, చాలాకాలం పాటు ఆ గీత యంత్రం మెమరీలో 40 శాతం, సందేశాలు పంపేవారి కనెక్షన్లను తనంతట తానే ఆపేస్తుంది. ఏఎమ్‌క్యూపీ దారిలో వచ్చే సందేశం ఎంత పెద్దది కావచ్చో దానికి ఒక హద్దూ ఉంది. అయినా 2023లో సీవీఈ-2023-46118 వచ్చింది. నిర్వహణ కోసం పెట్టిన హెచ్‌టీటీపీ దారిలో వచ్చే అభ్యర్థన పరిమాణానికి హద్దు లేదు. ఆ దారిలో అతి పెద్ద సందేశాలు పంపితే మెమరీ నిండిపోయి, ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం బ్రోకర్‌నే ఆపేసే పరిస్థితి వచ్చేది. 3.11.24, 3.12.7 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. ఇక్కడ రెండు సంగతులు పట్టుకోవాలి. హద్దు అన్నది బ్రోకర్‌కు తెలియని విషయం కాదు, ఒక తలుపుకు పెట్టి ఇంకో తలుపుకు మరిచారు. రెండోది, ఈ పని చేయడానికి సరైన యూజర్ పేరు, పాస్‌వర్డు, తగిన అనుమతులు ఉండాలి. అంటే లోపలి మనిషే చేయగలిగినది. గుర్తింపు అడిగితే చాలు, భద్రత వచ్చేసినట్టే అనుకునేవారికి ఇదే జవాబు. నువ్వెవరని అడగడం వేరు, నీకెంత ఇవ్వాలో తేల్చుకోవడం వేరు.

పొడవు గురించిన అబద్ధం ఒక్కటే దారి కాదు. మధ్యలో వదిలేసిన పని కూడా మెమరీని తింటుంది. ఎమ్‌క్యూటీటీలో ఒక సందేశం కచ్చితంగా ఒక్కసారే చేరాలంటే పంపేవాడికీ బ్రోకర్‌కూ మధ్య నాలుగు అడుగుల సంభాషణ జరగాలి. ఆ సంభాషణ పూర్తయ్యేదాకా బ్రోకర్ ఆ సందేశాన్ని గుర్తుపెట్టుకోక తప్పదు. 2.0.16 కంటే ముందటి మస్కిటోలో, ఒకే సందేశ సంఖ్యను పదే పదే వాడుతూ, బ్రోకర్ పంపిన రసీదుకు బదులివ్వకుండా ఊరుకుంటే మెమరీ కొద్దికొద్దిగా కారిపోయేది. ఇది సీవీఈ-2023-28366. ఇంకో రకంలో మెమరీ కాక ప్రాసెసర్ బలైపోతుంది: 3.8.16కు ముందటి ర్యాబిట్‌ఎంక్యూలో ఏఎమ్‌క్యూపీ 1.0 ప్లగిన్ నడుస్తుంటే, తప్పుగా కూర్చిన సందేశంతో దాన్ని అంతులేని చక్రంలో పడేయవచ్చు. సీవీఈ-2019-11287లో అయితే నిర్వహణ పేజీకి పంపే ఒక హెచ్‌టీటీపీ హెడర్‌లోని చిన్న మాట లోపలికెళ్లి విస్తరించి సర్వర్ మెమరీనంతా ఆక్రమించేది.

వీటన్నిటిలోకీ విచిత్రమైనది సీవీఈ-2017-7653. ఇందులో బ్రోకర్ కూలదు, దాని చుట్టూ ఉన్నవారి కనెక్షన్లు తెగుతాయి. టాపిక్ పేరు సరైన యూటీఎఫ్-8 అక్షరాల్లో ఉండాలని ఎమ్‌క్యూటీటీ నియమం. పాత మస్కిటో ఆ నియమాన్ని సరిచూడకుండా అందరికీ పంపేసేది. నియమాన్ని పాటించే క్లయింట్లు అలాంటి సందేశం రాగానే కనెక్షన్ తెంచుకునేవి. పద్ధతిగా ఉన్నవారికే శిక్ష పడిందన్నమాట. దీనికి దురుద్దేశం అక్కర్లేదని మన లిపే రుజువు చేస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతి ఒక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. ‘బోధన్’ అని ఊరి పేరు రాస్తే బ, ఓత్వం, ధ, న, పొల్లు కలిసి ఐదు సంకేతాలు, 15 బైట్లు. టాపిక్ పేరుకు పది బైట్లే చోటున్న పరికరం దాన్ని పదో బైటు దగ్గర కోస్తే, మూడు సంకేతాలు పూర్తిగా మిగిలి నాలుగోదాంట్లో ఒక బైటు తెగి వేలాడుతుంది. అది చెల్లని యూటీఎఫ్-8. కోడ్‌ను ఇంగ్లిష్ అక్షరాలతో మాత్రమే పరీక్షిస్తే ఇలాంటి తప్పు ఎన్నటికీ బయటపడదు.

వచ్చే అభ్యర్థన ప్రతిదీ సక్రమమైనదే అయినా వ్యవస్థ ఎలా హద్దుకు చేరుతుందో చూడాలంటే కంప్యూటర్ల లోకం దాటి నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గానికి రావాలి. 2019 ఏప్రిల్ 11న అక్కడ జరిగిన ఎన్నికలో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. వారిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అన్నది వారి డిమాండ్. ఒక బ్యాలట్ యూనిట్ మీద 16 పేర్లు పడతాయి. పాత ఎమ్-2 తరం ఈవీఎమ్‌కు నాలుగు యూనిట్లే జోడించగలరు, అంటే నోటాతో కలిపి 64 పేర్లు. ఎమ్-3 తరానికి 24 యూనిట్లు, 384 పేర్లు. కాబట్టి ఎమ్-3 యంత్రాలు తెప్పించి, నోటాతో కలిపి 186 వరుసలకు ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు కలిపి పెట్టారు. పోలింగ్ జరిగింది, ఫలితం వచ్చింది. పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లోనే మొదలైంది.

రైతుల నిరసనను కంప్యూటర్ దాడి పక్కన పెట్టడం అన్యాయమని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయముంది. ఆ 178 మంది రాజ్యాంగం ఇచ్చిన హక్కును వాడుకున్నారు, చట్టం అడిగిన డిపాజిట్ కట్టారు, పదిమంది చొప్పున ప్రతిపాదకులను తెచ్చుకున్నారు. వారిని దాడి చేసినవారనడం తప్పు. అయితే ఈ ఉదాహరణ పనికొచ్చేది సరిగ్గా అందుకే. అభ్యర్థుల ఉద్దేశం ఏదైనా యంత్రానికి అక్కర్లేదు, దానికి తెలిసింది 16, 64, 384 అనే అంకెలే. భారం, లోపం ఈ రెంటికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. జనరల్ అభ్యర్థి డిపాజిట్ 25,000 రూపాయలు. అంటే వ్యవస్థకు ఖర్చు తేవడానికి పంపేవాడూ గట్టిగా ఖర్చు పెట్టాలి. ఐదు బైట్లతో పావు గిగాబైటు తినిపించే చోట ఆ నిష్పత్తి తలకిందులవుతుంది. ఖర్చు దాదాపు అంతా ఇవతలివాడిదే. ఆ అసమానత ఉన్నప్పుడే దాన్ని లోపం అనాలి, మిగిలినదంతా రద్దీ.

ఇదే నియమాన్ని అంతకుముందు ఇంకో జిల్లా పరీక్షించింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం ముందు పెట్టడానికి పోటీదారులు వరుసకట్టి, మొత్తం 480 మంది బరిలో నిలిచారు. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది చట్టం సవరించి దాన్ని 10,000 చేశారు, గుర్తింపు పొందిన పార్టీ లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ప్రతి అభ్యర్థనకూ ధర పెంచడం అన్నమాట. ధర పెంచితే సరదాగా వచ్చేవారు ఆగుతారు, పట్టుదల ఉన్నవారు ఆగరు. డిపాజిట్ 25,000కు చేరాక కూడా నిజామాబాద్‌లో 178 మంది రైతులు వచ్చారు. కాబట్టి ధర ఒక్కటే చాలదు, సామర్థ్యమూ ఉండాలి. సామర్థ్యం ఎంతున్నా దానికి కొస ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి. నల్లగొండ సంఖ్య ఈ రోజు మళ్లీ వస్తే ఎమ్-3 యంత్రం కూడా చాలదు, కాగితం బ్యాలట్‌కు వెళ్లాలి. హద్దు ముందే తెలిసి ఉంటే వేరే దారి వెతుక్కోవడానికి వ్యవధి ఉంటుంది. పాత మస్కిటోకు ఆ హద్దు ఎక్కడుందో మెమరీ అయిపోయినప్పుడు గానీ తెలిసేది కాదు.

సర్వర్‌కు ఇంకాస్త మెమరీ వేస్తే పోదా అని అడగవచ్చు. రద్దీకి అది సరైన జవాబే, లోపానికి కాదు. అవతలివాడు పావు గిగాబైటు చొప్పున తినిపించగలిగితే, రెట్టింపు మెమరీకి రెట్టింపు కనెక్షన్లు తెరుస్తాడు, వాడికయ్యే అదనపు ఖర్చు మరికొన్ని బైట్లు. బ్రోకర్ చేయవలసింది వెనక్కి ఒత్తడం, అంటే తాను తీసుకోగలిగిన వేగానికి పంపేవాడి వేగాన్ని తగ్గించడం. ఈ సూత్రం నిజామాబాద్ జిల్లా బోధన్ చెరకు రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో వచ్చి, ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకుని, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగిపోయిన నిజాం షుగర్స్ లాంటి ఏ చక్కెర ఫ్యాక్టరీ అయినా రోజుకు ఇన్ని టన్నులే ఆడించగలదు. కోసిన చెరకు ఆలస్యమైన కొద్దీ చక్కెర తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇస్తే గానీ రైతు చెరకు కొట్టడు. లారీలు గేటు దాకా వచ్చాక ఆపడం కాదు, పొలంలోనే ఆపడం. ర్యాబిట్‌ఎంక్యూ మెమరీ గీత దాటగానే పంపేవారిని నిలిపేయడం, ఎమ్‌క్యూటీటీ ఐదో వెర్షన్‌లో బ్రోకర్ తనకు ఒకేసారి ఎన్ని సందేశాలు పంపవచ్చో ముందే చెప్పడం ఈ పనే చేస్తాయి.

హద్దు పెడితే నిజంగా పెద్ద సందేశం పంపవలసిన మంచివాడు నష్టపోతాడన్నది ఇంకో అభ్యంతరం, ఇది కొట్టిపారేయదగినది కాదు. హద్దు మరీ బిగిస్తే అది కూడా సేవా స్తంభనే, యజమాని చేతి మీదుగా జరిగినది. అయితే ర్యాబిట్‌ఎంక్యూ 4.0లో సందేశ పరిమాణం డిఫాల్ట్ హద్దును 128 మెగాబైట్ల నుంచి 16కు దించినా, కావలసినవారు పెంచుకునే వీలుంచారు. పెద్ద ఫైలును బ్రోకర్ గుండా తోయడం మొదటే మంచి అలవాటు కాదు. ఫైలును నిల్వ స్థలంలో పెట్టి దాని ఆనవాలు మాత్రం సందేశంలో పంపడం పాత పద్ధతి. తిరస్కరించిన సందేశానికి కారణం చెప్పి వెనక్కి పంపితే మంచివాడు సర్దుకుంటాడు. బ్రోకరే కూలిపోతే అతనికీ చెప్పేవారుండరు.

డేటా పోనప్పుడు ఇంత గాభరా ఎందుకు, మళ్లీ స్టార్ట్ చేస్తే సరి అన్నవారికి కొంత సమాధానం తీవ్రత అంకెల్లోనే ఉంది. ఎవరైనా దూరం నుంచి గుర్తింపు లేకుండా సర్వర్‌ను ఆపగలిగే లోపానికి సీవీఎస్‌ఎస్ కొలమానం సాధారణంగా 7.5 ఇస్తుంది. సర్వర్ మీద తన కోడ్ నడిపించగల లోపానికి 9.8 వస్తుంది. 2023 అక్టోబరులో యాక్టివ్‌ఎంక్యూలో బయటపడిన సీవీఈ-2023-46604 ఆ రెండో రకం, రాన్సమ్‌వేర్ ముఠాలు దాన్ని వాడుకున్నాయి. ఆ తేడా సమంజసమే. కానీ ఆ అంకె ఒక యంత్రాన్ని కొలుస్తుంది, దాని మీద ఆధారపడ్డవాటిని కాదు. బ్రోకర్ ఆగితే దాని గుండా మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్లన్నీ బాగున్నా మూగబోతాయి. లేచాక కష్టం ఇంకోలా వస్తుంది: క్లయింట్లన్నీ ఒక్కసారిగా మళ్లీ కనెక్ట్ కావడానికి ఎగబడతాయి, ఆగిన సందేశాలు గుట్టగా వచ్చిపడతాయి. అందుకునే ప్రోగ్రామ్‌ను కూల్చే సందేశం ఒకటి వరుసలో ఉంటే, రసీదు రాలేదు కాబట్టి బ్రోకర్ దాన్ని మళ్లీ వరుసలో పెట్టి ఇంకో ప్రోగ్రామ్‌కు ఇస్తుంది, అదీ కూలుతుంది. ఇన్నిసార్లు తిప్పి చూశాక పక్కన పెట్టాలి అన్న హద్దు అక్కడ కూడా కావాలి.

మా బ్రోకర్ ఇంటర్నెట్‌లో లేదు, లోపలి నెట్‌వర్క్‌లో ఉంది కదా అన్న ధైర్యం సగమే నిజం. 2.0 వెర్షన్ నుంచి మస్కిటో, ఏ అమరికా చేయకపోతే తన యంత్రం నుంచి వచ్చే కనెక్షన్లనే వింటుంది, వేరే యంత్రాలకు తలుపు తెరిచినా, అజ్ఞాత ప్రవేశం ఇవ్వాలంటే ఆ సంగతి స్పష్టంగా రాయాలి. ఇది మంచి మార్పు. అయినా లోపలి పరికరంలో పిచ్చిగా తిరిగే ఒక లూప్, తప్పుగా రాసిన ఒక కొత్త వెర్షన్ చేసే పని, బయటి శత్రువు చేసే పని ఒకేలా ఉంటాయి.

చట్టం మాత్రం ఉద్దేశాన్ని చూస్తుంది, చూడాలి కూడా. సమాచార సాంకేతిక చట్టం-2000లో 43వ సెక్షన్, హక్కున్న మనిషికి కంప్యూటర్ వ్యవస్థ అందకుండా చేయడాన్ని పరిహారం చెల్లించవలసిన తప్పుగా పేర్కొంది. అదే పని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద నేరం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సేవా స్తంభన దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. అంతకంటే ముందు చేయవలసిన పని చిన్నది: యాక్టివ్‌ఎంక్యూ నడుపుతున్నవారు 5.16.8, 5.17.7, 5.18.7, 6.1.6 కంటే వెనకపడి ఉన్నారేమో, ర్యాబిట్‌ఎంక్యూ 3.11.24 లేదా 3.12.7కు చేరిందో లేదో, మస్కిటో 2.0.16 కంటే పాతదేమో చూసుకోండి. తర్వాత సందేశ పరిమాణం, కనెక్షన్ల సంఖ్య, వరుస పొడవు, ఈ మూడింటికీ ప్రతి తలుపు దగ్గరా ఒక అంకె రాసి ఉందో లేదో చూడండి. ఖాళీగా ఉన్న చోట ఈ రోజే రాయండి.